నాలుగో గేటు

ఆ ఏడు చింతపండు కాలమంతా మా ఇంట్లో గేట్ల మాటే. మొదటి గేటు దాటామా, రెండో గేటు దగ్గర ఏం అడుగుతారు, మూడో గేటుకి ఎవరెవరు కూర్చోవాలి, ఇదే గోల. నిజానికి మా ఇంటికి గేటే లేదు. హోసూరులో బాగలూరు రోడ్డు పక్క సందులో ముందు వర్క్‌షాపు, వెనక ఇల్లు. ఎవరొచ్చినా లేతు మిషన్ల మధ్యలోంచి నడిచి నేరుగా వంటింట్లోకి వచ్చేవాళ్ళు. పక్కింటావిడ ఒకరోజు ఉండబట్టలేక, "ఏమ్మా ఆదిలక్ష్మమ్మా, యాడ పెట్టిస్తాండారు ఆ గేటు?" అని అడిగింది. మా అమ్మ, "నాకేం తెలుసు తల్లీ, నోటుబుక్కులో పెట్టిస్తాండారంట" అంది.

అది 2003. నాకప్పుడు ఇరవై ఒకటి. కృష్ణగిరి కాలేజీలో బి.కాం. ముగించి, ఏం చెయ్యాలో తెలియక ఇంట్లో ఉన్నాను. మా నాయన రామకృష్ణప్ప పద్దెనిమిదేళ్ళుగా ఒక పెద్ద ఫ్యాక్టరీకి ఇనుప పిన్నులు తిప్పి ఇచ్చేవాడు. రెండు లేతులు, ఒక వెల్డింగ్ సెట్టు, ఆయన. పిన్నులంటే ఆయనకి మొహం మొత్తి చాలా కాలమైంది. "పొద్దున లేస్తే పిన్ను, పడుకుంటే పిన్ను, నేను చేసింది ఇదీ అని చూపించేదానికి ఒక్కటీ లేదు" అనేవాడు.

ఆయన మనసంతా చింతపండు గింజ తీసే మిషను మీద ఉండేది. దానికి కారణం మా పాపక్క అత్త. నాయన ఒక్కగానొక్క చెల్లెలు. కుందారపల్లిలో ఆమె ఇంటి ముందర పెద్ద రేకుల పందిరి. చింతపండు కాలం వస్తే కృష్ణగిరి సావుకారి బస్తాలు ఆ పందిట్లోనే దిగుతాయి. పన్నెండు మంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని పైపెంకు కొట్టి, ఈనెలు లాగి, బొటనవేలి గోటితో పండు చీల్చి గింజ తీస్తారు. నెల తిరిగేసరికి ఆ పులుపుకి వేళ్ళు పగులుతాయి. అంతకు ముందు ఏడు మా చుట్టాల పెండ్లిలో భోజనానికి కూర్చున్నప్పుడు, అత్త వడ్డించేవాణ్ణి పిలిచి గొంతు తగ్గించి, "చెంచా ఉండాదా అప్పా?" అని అడిగింది. రసం అన్నంలో వేళ్ళు పెట్టలేకపోయింది. నాయన ఎదురు వరసలో కూర్చుని అది చూశాడు. ఆరోజు ఆయన సరిగా తినలేదు. మర్నాడే షెడ్డులో రేకు కోయడం మొదలుపెట్టాడు.

గేట్లు తెచ్చింది మా మేడ మీద అద్దెకుండే గోపీచంద్ గారు. తెనాలి వైపు మనిషి. సిప్‌కాట్ ఫ్యాక్టరీల పేటలో ఒక కంపెనీలో కొత్త సామాన్లు తయారుచేసే విభాగంలో ఇంజనీరు. మంచివాడు, కానీ ఒక పట్టాన వదలడు. ఒక ఆదివారం కాఫీ గ్లాసుతో కిందికి దిగి సగం అయిన మిషను చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"బావుందండీ. ఇది ఎవరి కోసం చేస్తున్నారు?"

"మా చెల్లెలి కోసం సారూ. అది బాగుంటే ఊరూరికీ."

"వాళ్ళనడిగారా, ఏం కావాలో?"

"అడిగేదేముండాది? నా చెల్లెలు కదా."

గోపీచంద్ గారు గ్లాసు లేతు మీద పెట్టాడు. "అక్కడే వస్తుందండీ చిక్కు. మా కంపెనీలో ఒక మర మార్చాలన్నా ఐదు గేట్లు దాటాలి. ఆలోచన ఒకటి. వాడేవాళ్ళని అడిగి తెలుసుకోవడం రెండు. నమూనా చెయ్యడం మూడు. దాన్ని వాడేవాళ్ళ దగ్గరే పెట్టి చూడడం నాలుగు. అమ్మకానికి తయారు చెయ్యడం ఐదు. ప్రతి గేటు దగ్గరా ఆగి, మూడింటిలో ఒక్క మాట చెప్పాలి. ముందుకా, వెనక్కా, ఇక చాలా."

"ఇక చాలు అంటే?"

"ఆపేయడం."

నాయన పెద్దగా నవ్వాడు. "ఆపేదానికి గేటెందుకు సారూ? కరెంటోళ్ళు ఆపుతానే ఉండారు కదా!"

నవ్వాడే గానీ ఆ మాటలు ఆయనకి నచ్చాయి. పద్దెనిమిదేళ్ళు వేరేవాళ్ళు గీసిచ్చిన బొమ్మ ప్రకారం పిన్నులు తిప్పిన మనిషి. తన పనికి కూడా పెద్ద కంపెనీల మాదిరి ఒక పద్ధతి, ఒక పుస్తకం ఉంటే బాగుంటుందనిపించి ఉంటుంది. సాయంత్రానికల్లా రెండు వందల పేజీల నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నాకు మొదటి రోజే బుర్ర తిరిగింది. మిషను సగం అయిపోయి కళ్ళెదురుగా ఉంది. గోపీచంద్ గారేమో దాన్ని పక్కన పెట్టి మొదటి గేటు నుంచి రమ్మంటాడు. నాయన బుద్ధిగా దాని మీద గోనెపట్టా కప్పి, దాని పక్కనే స్టూలేసుకుని కూర్చుని, "ఆలోచన: చింతపండు గింజ తీసేదానికి ఒక మిషను చేస్తే ఎట్లుంటుంది" అని నాతో రాయించాడు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసి, "ఉండేదాన్ని లేదనుకోని రాస్తాండారే, ఇది సదువుకున్నోళ్ళ పద్ధతా?" అని నన్నడిగింది. నేనేం చెప్పను? నాకూ అదే అనుమానం.

గేటు దగ్గర చేసినవాడు కూర్చోకూడదట. వేరేవాళ్ళు కూర్చుని తీర్పు చెప్పాలట. ముగ్గురు కావాలన్నాడు ఇంజనీరు గారు. గోపీచంద్ గారు, అమ్మ, నేను. నాయన మమ్మల్ని చాపమీద వరసగా కూర్చోబెట్టి, తను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"చూడండి సారూ, నా షెడ్డులో నాకు గేటేసేది నా కూతురా!" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి ఎంత ఉందో గర్వం అంత ఉంది.

మొదటి గేటుకి ముగ్గురం 'ముందుకు' అన్నాం. వేరే ఏమనాలో మాకు తెలియదు.

రెండో గేటు కోసం నాయనా నేనూ కుందారపల్లి వెళ్ళాం. గోపీచంద్ గారు పది ప్రశ్నలు రాసిచ్చాడు. పందిట్లో పన్నెండు మందీ నన్ను చూసి పని ఆపకుండానే జరిగి చోటిచ్చారు. నేను మొదటి ప్రశ్న చదివాను. "ఈ పనిలో మీకు ఉండే కష్టాలు ఏవి?"

"కష్టమేముండాదమ్మా, నీడన కూర్చోని చేసే పని" అంది ఒకామె.

"వేళ్ళు నొప్పి లేదా?"

"వేళ్ళుంటే నొయ్యవా?"

అందరూ నవ్వారు. నాయన, "రాసుకో, వేళ్ళు నొప్పి" అన్నాడు. "మిషను వస్తే బాగుంటుందా?" అన్న ప్రశ్నకి అందరూ పాపక్క అత్త వైపు చూసి, "రామకృష్ణన్న చేస్తే బాగుండకుండా పోతాదా?" అన్నారు. తరవాత మాకు మజ్జిగ ఇచ్చి, అన్నం తిని పొమ్మని బలవంతం చేశారు. పది ప్రశ్నలకీ పన్నెండు మంది దగ్గరా ఒకే జవాబు వచ్చింది. బస్సులో నాయన పాట కూడా పాడాడు. నాకు మాత్రం వాళ్ళేం చెప్పారో సరిగా అర్థం కాలేదు. ఇంతమంది ఒకే మాట చెబితే అది నిజమే అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను.

మూడో గేటు శివరాత్రి వెళ్ళిన వారానికి వచ్చింది. ఈలోపల మిషను పూర్తయింది. గోనెపట్టా తీసేసరికి ఆకుపచ్చ రంగేసిన రేకు డబ్బా, పైన పండు పోసే గరాటు, లోపల రెండు రబ్బరు రోలర్లు, ఒక పళ్ళ డ్రమ్ము, కింద రెండు తట్టలు. స్విచ్చి వేస్తే షెడ్డు దద్దరిల్లింది. ఒక తట్టలో పండు, ఇంకో తట్టలో గింజలు పడ్డాయి. గోపీచంద్ గారు చప్పట్లు కొట్టాడు. నాయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూనే ఉన్నాడు, ఎంతకీ ఆపడే.

ఆ వెంటనే అమ్మ పళ్ళెం తెచ్చింది. మిషను నాలుగు వైపులా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మోటారుకి మల్లెపూల దండ చుట్టింది. నిమ్మకాయ కోసి, టెంకాయ కొట్టి, హారతి ఇచ్చింది. మా ఇంట్లో ఏ వస్తువైనా పసుపు కుంకుమ పడకుండా గడప దాటదు. కొత్త స్క్రూడ్రైవరుకి కూడా బొట్టు పెట్టేది అమ్మ. గోపీచంద్ గారు హారతి కళ్ళకద్దుకుని రెండు టెంకాయ చెక్కలు తీసుకుని మేడెక్కాడు. ఆయన పద్ధతిలో ఐదు గేట్లున్నాయి గానీ, అందులో హారతి గురించి ఎక్కడా లేదు. మాకెవ్వరికీ అది తట్టలేదు.

మిషను ముత్తయిదువ మాదిరి టెంపో ఎక్కి కుందారపల్లి పోయింది. నాయన దగ్గరుండి పందిట్లో దింపి, కరెంటు ఇచ్చి, ఒక బుట్టెడు పండు పోసి చూపించాడు. నేను పదిహేను కాగితాలు ఇచ్చాను, రోజుకొకటి. ఒక్కో కాగితంలో పన్నెండు పేర్లు, పేరు పక్కన మూడు గళ్ళు: బాగుంది, పరవాలేదు, బాగాలేదు. అత్త ఐదో క్లాసు దాకా చదివింది కాబట్టి రోజూ అందరినీ అడిగి టిక్కులు పెట్టే పని ఆమెకే అప్పగించాం.

ఆ పదిహేను రోజులూ నాయన నేలమీద నడవలేదు. రోజూ పక్క అంగడి నుంచి అత్త వాళ్ళ ఊరికి ఫోను చేసేవాడు. "బాగుందన్నా, చానా బాగుంది" అని అత్త. ఆయనకి అది చాలు. ముప్ఫై మిషన్లకి రేకు ఎక్కడ తీసుకోవాలో విచారించాడు. అంతలో ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. ఏప్రిల్ నుంచి కొత్త ఏడాది పిన్నులు చేస్తారా, లేదా వేరేవాళ్ళకి ఇచ్చుకోవాలా, మార్చి ముప్ఫై ఒకటి లోపల చెప్పమని. ఒకసారి వేరేవాళ్ళ చేతికి పోతే ఆ పని తిరిగి రాదు.

"వద్దని చెప్పేస్తాను" అన్నాడు నాయన. "రెండు పడవల మీద కాలు పెట్టేది నా వల్ల కాదు. నాలుగో గేటు ఆదివారం. ఆడ ముందుకు అని మీరు అంటే, సోమవారం పిన్నులకి నమస్కారం."

ఆ పిన్నుల మీదే మా ఇల్లు నడిచింది, నేను చదివాను. నాకు భయం వేసింది, కానీ ఎందుకు భయపడాలో తెలియలేదు. అందరూ బాగుందంటున్నారు కదా.

ఆదివారం గేటుకి కాగితాలు కావాలి కాబట్టి ముందు వచ్చిన బుధవారం నేనొక్కదాన్నే కృష్ణగిరి బస్సెక్కి కుందారపల్లిలో దిగాను. వస్తున్నట్టు చెప్పలేదు. దారిలోనే మిషను చప్పుడు వినపడుతుందనుకున్నాను. వినపడలేదు. కరెంటు లేదేమోనని పక్కనే టీకొట్టులో చూస్తే ఫ్యాను తిరుగుతోంది.

పందిట్లో పన్నెండు మందీ ఎప్పటిలాగే కూర్చుని చేత్తో గింజ తీస్తున్నారు. మిషను ఒక మూల, కింద ముగ్గు, మెడలో తాజా పూలు. బొట్లు ఆరోజు పొద్దున పెట్టినవే. తట్టలు తళతళా మెరుస్తున్నాయి. ముక్కు దగ్గర పెట్టి చూశాను, చింతపండు వాసనే లేదు.

అత్త గబగబా లేచి వచ్చి కాగితాలు చేతిలో పెట్టింది. పన్నెండు పేర్లు, పన్నెండు టిక్కులు. అన్నీ 'బాగుంది' గడిలోనే. ఆరోజుది కూడా అప్పటికే పెట్టేసి ఉంది.

"అత్తా, మిషను వాడతా ఉండారా?"

"చానా బాగుందమ్మా."

"వాడతా ఉండారా అని అడుగుతాండా."

"రోజూ పూలు పెడతాండాము కదా."

అప్పుడే ఆమె చేతులు చూశాను. రెండు బొటనవేళ్ళకీ గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. అత్త చేతులు పమిట కిందికి లాక్కుంది.

పందిట్లో అందరికన్నా పెద్దది వెంకటసుబ్బమ్మ అవ్వ. డెబ్బై ఉంటాయి. ఎవరికీ జంకదు. నేను పోయి ఆమె ముందర నేలమీద కూర్చున్నాను. "అవ్వా, నాకేమీ అర్థం కాలేదు. నిజం చెప్పు. మిషను బాగుందా, లేదా?"

"బాగుందనే కదా రాసినాము."

"రాసింది అడగలేదవ్వా."

అవ్వ చేతిలోని పండు కింద పెట్టింది. "ఏమ్మే, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, మీ అమ్మ హారతిచ్చి పంపించింది దాన్ని. దాన్ని పట్టుకోని బాగలేదు అంటామా? పైగా నువ్వు బుక్కు తెచ్చినావు. నోటితో అంటే గాలికి పోతాది. బుక్కులో రాసి పెడితే ఆ ఇంటికి మంచిదేనా? రామకృష్ణప్ప మాకేమన్నా పగోడా?"

మా ఇంట్లో కూడా అంతే కదా. కొత్త బండికి పూజ చేశాక అది మొండికేసినా అమ్మ ఒక్క మాట అననిచ్చేది కాదు. పుట్టినప్పటి నుంచి నేను చూస్తున్నదే. ఆ పళ్ళెం తెచ్చినప్పుడు టెంకాయ పట్టుకున్నది కూడా నేనే. గోపీచంద్ గారి పద్ధతి ప్రకారం అన్నీ చేశాం, మా పద్ధతి ప్రకారం కూడా అన్నీ చేశాం. ఇప్పుడు ఏ పద్ధతి ప్రకారం ఏం చెయ్యాలో దిక్కు తోచలేదు.

"ఇప్పుడేం చెయ్యాలవ్వా? ఆదివారం నాయన పిన్నులు వదిలేస్తాండాడు."

ఆ మాటకి అత్త ముఖంలో రంగు మారింది. పిన్నుల సంగతి ఆమెకి నాయన చెప్పలేదు.

అవ్వ మిషను వైపు తిరిగింది. "కదపాల" అంది. "వ్రతం అయినాక కలశాన్ని కదిపి మళ్ళీ చెంబు మాదిరి వాడుకోమా? అట్లనే."

ఎవరూ లేవలేదు. అందరూ అత్త వైపే చూస్తున్నారు. అత్త మెల్లిగా మిషను దగ్గరికి వెళ్ళి పూలదండ తీసి కళ్ళకద్దుకుని గూట్లో పెట్టింది. ఏదో గొణుక్కుంది. గుడ్డలు చుట్టిన చేతులతో రేకు అంచు పట్టుకుని నెట్టింది. కదల్లేదు. ఇద్దరు లేచి చెయ్యేశారు. మిషను ఉత్తరం వైపు జానెడు జరిగింది. నేను తడిగుడ్డ తెచ్చి పసుపు తుడిచాను.

ముందు ఒకామె దగ్గింది. తరవాత ఇక ఆగలేదు.

"గింజ ఇరిగిపోతాదమ్మా. ముక్క పండులోనే ఉండిపోతాది. పంటి కింద పడితే ఎవురు కొంటారు?"

"పండు నలిగి ముద్దయిపోతాది. సావుకారికి విడివిడిగా ఉండాల."

"ఆ చప్పుడులో పక్కన కూర్చున్నదాని మాట ఇనపడదు. మాట లేకుండా పొద్దు పొయ్యేదెట్ల?"

"ఇరిగిన గింజను ఎవురూ తీసుకోరు. గింజలు మావి కదమ్మా, అవి అమ్ముకోనేది మేమే."

"గరాటు అంత ఎత్తున పెట్టినాడే, మేము లేచి కూర్చోని, లేచి కూర్చోని..."

నేను రాస్తూనే ఉన్నాను. నోటుబుక్కులో మొదటిసారి ఏదో నిజంగా రాస్తున్నట్టు అనిపించింది. అప్పుడు అవ్వ అంది, "మిషను కాడ ఇద్దరు చాలు. మేము పన్నెండు మంది ఉండాము."

పన్నెండు మందీ మళ్ళీ పండు చేతిలోకి తీసుకున్నారు. ఎవరు ఆ ఇద్దరో ఈ పదిహేను రోజులూ ప్రతి ఒక్కరూ లోపల్లోపల లెక్క వేసుకుని ఉంటారు.

నన్ను బస్సెక్కించడానికి అత్త రోడ్డు దాకా వచ్చింది. మిషను మొదటి మూడు రోజులు తీసిన పండును సావుకారు గింజముక్కలున్నాయని తిప్పి పంపాడట. రెండు బస్తాలు. వాటిని ఈమె ఒక్కతే, అన్నకి తెలియకూడదని, పని అయిపోయినాక కూర్చుని మళ్ళీ చేత్తో ఏరింది.

"ఎందుకత్తా అట్ల చేసినావు?"

"నా చేతుల కోసం చేసినాడమ్మా. ఎట్ల చెప్పేది?"

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగో గేటు. చాపమీద గోపీచంద్ గారు, అమ్మ, నేను. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని స్తంభానికి ఆనుకున్నాడు. నేను ముందు టిక్కుల కాగితాలు తీసి పక్కన పెట్టాను. తరవాత నోటుబుక్కు తెరిచి బుధవారం రాసింది చదివాను. మిషను కదిపిన సంగతి కూడా చెప్పాను. అమ్మ, "అయ్యో, కదిపినారా!" అని చెంపలు వేసుకుంది. నాయన ఏ మాటకీ అడ్డు రాలేదు. చివర తిరిగొచ్చిన రెండు బస్తాల సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. నోరు ఆగలేదు, అదీ చెప్పేశాను.

"పాపక్క వేళ్ళు ఎట్లుండాయి?" అన్నాడు నాయన.

"గుడ్డ చుట్టుకోనుండాది."

ఆయన కిందికి చూశాడు.

గోపీచంద్ గారి మొహం వెలిగిపోతోంది. "అద్భుతమండీ! నాలుగో గేటు పెట్టేది ఇందుకే. ఇవన్నీ సరిచేయొచ్చు. రోలరు మెత్తగా చేద్దాం, గరాటు దించుదాం. నా మాట 'వెనక్కి'."

అమ్మ, "పూజ చేసినాము. నేను వద్దని ఎట్లనేది? ముందుకే" అంది. అంటూ నా వైపు బెదురుగా చూసింది.

ఇక నేను. నాయన తల ఎత్తి, "నువ్వు చెప్పమ్మా, ఇంక నీ మాటే లెక్క" అన్నాడు.

వెనక్కి అని చెప్పడం సులభం. కానీ వెనక్కి అంటే నాయన రోలరు మారుస్తాడు, అమ్మ పళ్ళెం తెస్తుంది, అత్త టిక్కులు పెడుతుంది. పిన్నులు పోతాయి. పందిట్లో పది మంది లేచి పోవాలి. కాదు, ఇంత స్పష్టంగా నేనప్పుడు ఆలోచించానో లేదో. ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు నా తలలో అంతా గజిబిజిగా ఉంది.

"ఇక చాలు నాయినా" అన్నాను.

ఆయన తలాడించాడు. అంతే. లోపలికి పోయి చొక్కా విడిచి, బనీనుతో వచ్చి మళ్ళీ అదే స్తంభం దగ్గర ఈసారి కింద కూర్చున్నాడు.

మర్నాడు పిన్నులకి సరేనని కబురు పంపాడు. ఇంకో పదేళ్ళు వాటినే తిప్పాడు. మిషను మోటారు ఊడదీసి ఎవరికో ఇచ్చేశాడు. నేను అలా అనకపోయి ఉంటే, ఆ రోలరు ఇంకొంచెం మెత్తగా ఉండి ఉంటే, ఏమయ్యేదో నాకు తెలియదు. అత్త వేళ్ళు ఆ ఏడు కూడా పగిలాయి, ఆ మీదటేడు కూడా. పండగలకి ఆమె మా ఇంట్లో చెంచాతో తింటూ ఉంటే చూసి, తప్పు చేశానేమో అనుకున్న రోజులున్నాయి.

కానీ నాకు ఎప్పటికీ గుర్తుండేది ఆ ఆదివారం, ఆ తరవాత జరిగింది. నాయన ఆ టిక్కుల కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు. ఉన్నట్టుండి, "ఇన్నేండ్లలో నేను చేసినదాన్ని బాగలేదని ఎవురైనా అన్నారా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

"అన్నిటికీ బొట్టు పెట్టినాము కదా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నాకు కొత్తగా వినిపించింది. భయపడిన మనిషి గొంతు అది. అమ్మ వైపు తిరిగి, "నీకు చేసిచ్చినవి ఉండాయి కదా. అవి?" అన్నాడు.

అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. లేచి వంటింట్లోకి వెళ్ళి మురుకుల గొట్టం తెచ్చి ఆయన ముందర పెట్టింది. పెండ్లయిన ఏడాది నాయన లేతు మీద తిప్పి ఇచ్చింది అది. చుట్టాలందరికీ చూపించేవాడు.

"దీని పిడి ఇరుకు" అంది. "పిండి గట్టిగా ఉంటే అరచెయ్యి నలిగిపోతాది."

"ఇరవై మూడేండ్లా?"

"ఇరవై మూడేండ్లు."

నాయన దాన్ని చేతిలోకి తీసుకుని పిడి బిగించి చూశాడు. తన అరచేతిలో పడిన గీత చూసుకున్నాడు. తరవాత నా ఒళ్ళోంచి నోటుబుక్కు, పెన్నూ తీసుకుని, కొత్త పేజీ తిప్పి, మొదటిసారి తనే రాశాడు. "ఇంకా?"

"స్నానాల గది గడియ లోపలి నుంచి పడదు. తలుపుకి బకెట్టు అడ్డం పెట్టుకుంటా ఉండా."

"ఇంకా?"

"అల్మారా పై అర నాకందదు."

గోపీచంద్ గారు మెల్లిగా లేచి, "నేను పైకి వెళ్తానండీ" అని చెప్పులేసుకున్నాడు. అమ్మ ఆయన మెట్లెక్కే దాకా ఆగింది. వచ్చి నాయనకి ఎదురుగా నేలమీద కూర్చుంది.

"మీరు చేసినవేనా చెప్పేది? మీరు చెయ్యనివి కూడా చెప్పొచ్చునా?"

నాయన పెన్ను ఆగింది. నేను లేచి పోవాలో ఉండాలో తెలియక అక్కడే కూర్చున్నాను. ఆయన ఇంకో పేజీ తిప్పి, చేత్తో సాపు చేసి, "చెప్పు" అన్నాడు.